బిళ్ళ అంచున ఎర్ర గీత

ఇప్పటికీ మా పాప అన్నం తింటూ చిన్నగా దగ్గితే చాలు, నా చేతిలో గరిటె ఆగిపోతుంది. పొలమారిందిలే, నీళ్ళు తాగితే పోతుందని పక్కవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది. పిల్ల మెడ ఎముకల మధ్య ఆ గుండ్రటి మచ్చని చూసింది నేను. వాళ్ళు కాదు.

మాది శృంగవరపుకోటకి, మా వాడుకలో కోటకి, ఆనుకుని ఉన్న ఊరు. కొంచెం పల్లం, కొంచెం మెట్ట. వాటితోపాటు ఊరి అమ్మవారికి పూజ చేసే పని మా అత్తవారింటికి తాతలనాటి నుంచీ ఉంది. మావయ్య పోయాక ఆ పని అత్తే చేస్తోంది. మా ఆయన భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనుల దగ్గర సూపర్‌వైజరు, ఇంటికి వారానికోసారి వస్తాడు. కాబట్టి ఇంట్లో ఉండేది ముగ్గురం. అత్త, నేను, నాలుగేళ్ళ పాప. నేను విజయనగరంలో డిగ్రీ చదివి ఈ ఇంటికొచ్చాను. ఆ చదువు ఉద్యోగమైతే ఇవ్వలేదు గానీ, ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడ్డం తిరిగే గుణం మాత్రం ఇచ్చింది. దానికి తోడు నాకు నోరెక్కువ. ఆ సంగతి మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మవారి ముందు వాడినది ఏదీ చెత్తలో పడెయ్యకూడదు. వాడిన పువ్వులు, కాలిన వత్తులు, కొబ్బరి పీచు, అగరొత్తుల పుల్లలు, అన్నీ దేవుడి గూటి కింద ఉన్న పాత ఇత్తడి గిన్నెలో వెయ్యాలి. అమావాస్యనాడు అత్త ఆ గిన్నె పట్టుకెళ్ళి, అందులోవన్నీ ఊరి పక్కన పారే గెడ్డ నీళ్ళలో వదిలేసి వస్తుంది. దానికి మా ఇంట్లో అమ్మోరి గిన్నె అని పేరు. పెళ్ళయిన కొత్తలో నవ్వేదాన్ని. తర్వాత నాకూ అలవాటైపోయింది. చెయ్యి దానంతట అదే ఆ గిన్నె వైపు వెళ్ళేది.

పాప నడక నేర్చాక దీపం దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. ఓసారి లంగా అంచు కాల్చుకుంది. భయపడి, కోట బజారులో బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపం ఒకటి కొనితెచ్చాను. అడుగున మూత తీస్తే గుండ్రటి బిళ్ళ బ్యాటరీ, వెండిలా మెరుస్తూ ఉంటుంది. అత్త ముక్కు చిట్లించింది.

"నూనె నేదు, ఒత్తి నేదు. ఇదేటి దీపమే?"

"ఇల్లు తగలబడకుండా ఎలిగే దీపం అత్తా" అన్నాను.

ఒప్పుకుంది పాపం. తెల్లారి పూట మాత్రం నూనె దీపమే పెట్టి, అది కొండెక్కాక దీన్ని వెలిగించేది. కొన్నాళ్ళకి అది వెలగడం మానేసింది. నేను గోటితో బ్యాటరీ పీకి, చెత్తబుట్ట వైపు నడుస్తుంటే అత్త కేకేసింది.

"ఒసే, అమ్మోరి ముందల ఎలిగింది కదే. సెత్తలో పడేస్తావేటి? గిన్నెలో ఎయ్యి."

నవ్వొచ్చింది. అయినా వేశాను. నా చేత్తోనే వేశాను. ఈ మాట ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో లెక్కలేదు.

అదే నెలలో గుడి పళ్ళెంలోకి ఒక వింత బిళ్ళ వచ్చింది. కళింగపట్నం నుంచి మా ఊరికి అల్లుడిగా వచ్చినాయన ఓడల్లో పని చేస్తాడు. సెలవుకి వచ్చి, హారతి కళ్ళకద్దుకుని ఏదో దూరదేశపు నాణెం పళ్ళెంలో వేశాడు. ఒక పక్క ఎవరిదో తల, ఇంకో పక్క రెక్కలు చాపిన పక్షి, చుట్టూ సన్నటి గాట్లు. తెల్లగా తళతళలాడుతోంది. అత్త మురిసిపోయింది.

"ఎండి బిళ్ళే! అమ్మోరికి ఎండి బిళ్ళొచ్చింది!"

నేను ఊరుకుంటానా? కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి తిప్పితిప్పి చూశాను. రెండు ముఖాలూ తెలుపే. అంచు మీద మాత్రం, ఆ గాట్ల మధ్యనుంచి, చుట్టూ ఎర్ర గీత ఒకటి పోతోంది. పైన తెల్ల పట్టీ, కింద తెల్ల పట్టీ, నడుమ ఎరుపు.

"ఎండి కాదత్తా. నోపల రాగి ఉంది. ఇదిగో, సూడు."

"అమ్మోరికొచ్చినదానికి వంక పెడతావేటే? నోరు కడుక్కో!"

పంతం పట్టి, మర్నాడు కోట వెళ్ళినప్పుడు బజారులో బంగారం పని చేసే ముసలాయనకి చూపించాను. ఆయన కంటికి అద్దం తగిలించుకుని, ముఖం వైపు చూడనైనా చూడకుండా తిన్నగా అంచే చూశాడు.

"నువ్వన్నదే నిజమమ్మా. నడుమ రాగి, రెండు పక్కలా తెల్ల లోహం. మూడు రేకులూ కలిపి గట్టిగా ఒత్తీసి ఒకే రేకు సేస్తారు. ఆ రేకులోంచి బిళ్ళలు కోస్తారు."

"పూత కాదా అయితే?"

"పూతయితే అంచు కూడా కప్పీది కదా? నువ్వు బొబ్బట్టు సేస్తావు. పూర్ణం బయటికి కనిపిస్తాదా? కనపడదు. అది పూత. అదే బొబ్బట్టుని గిన్నె బోర్లించి ఒత్తి కోసేవనుకో, కోసినకాడ అంచున పూర్ణం కనిపిస్తాది. ఇది అది. మీదనించి ఎంత సూసినా తెలీదు. అంచు సూస్తేనే తెలుస్తాది."

నాకు ఎంత గర్వమో! ఇంటికొచ్చి అత్తకి బొబ్బట్టుతో సహా పాఠం చెప్పాను. అత్త ముఖం చిన్నబోయింది. వెండి కాకపోయినా అమ్మవారికి వచ్చిన బిళ్ళ. ఈ ఊళ్ళో చెల్లదు, చెల్లినా మనం ముట్టుకోకూడదు. వచ్చే అమావాస్యకి గెడ్డలో వదిలేద్దామని దాన్నీ ఆ గిన్నెలోనే వేసింది.

ఆ అమావాస్య వచ్చింది, పోయింది. గిన్నె సంగతి నేను పట్టించుకోలేదు. అది అత్త పని. ఆ తర్వాత కూడా తెల్ల బిళ్ళ గిన్నెలో మెరుస్తుంటే, అదొక్కటీ వదలబుద్ధి కాక అత్త ఉంచుకుందనుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకి, ఒక పొద్దున్న, నేను గంజి వారుస్తున్నాను. పాప గుమ్మంలో నిలబడి ఉంది. నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది. కళ్ళు పెద్దవి చేసి, మెడ మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా. అమ్మోరి గిన్నెలోది మింగీసేను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గంజి గిన్నె అలాగే వదిలేసి, పిల్లని మోకాలి మీద బోర్లా వేసుకుని వీపు చరిచాను. ఏమీ రాలేదు. చొంగ, ఏడుపు. అత్త దేవుడి గూటి దగ్గరికి పరుగెత్తింది. ఒక నిమిషం అక్కడే ఉండి, అరటిపండు ఒలుచుకుంటూ వచ్చింది.

"ఇది పెట్టు. జారి దిగిపోతాది. రేపు దొడ్డికెల్తే వచ్చీస్తాది."

పాప నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని ఉమ్మేసింది. నేను పిల్లని ఎత్తుకునే గూటి దగ్గరికి వెళ్ళి గిన్నె నేలమీద బోర్లించాను. ఎండిన చామంతులు, వత్తులు, పీచు. వేళ్ళతో కెలికాను. నాణెం లేదు.

"తెల్ల బిళ్ళ లేదత్తా! అదే మింగీసింది!"

అత్త గూటి వైపు తిరిగి నిలబడింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. దండం పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను.

ఆటో ఎక్కి కోటలో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన వయసులో నాకన్నా చిన్నవాడు. నెమ్మదస్తుడు. వెంటనే ఎక్స్‌రే తీయించాడు. ఫిల్ము వెలుగు డబ్బా మీద పెట్టాడు. పక్కటెముకలకి పైన, గొంతుకి కింద, తెల్లటి గుండ్రం. దాని లోపల, అంచుకి దగ్గరగా, ఇంకో సన్నటి గుండ్రం.

"ఏం మింగింది?"

నేను చెప్పాను. ఊరికే చెప్పానా? దూరదేశపు నాణెమనీ, నడుమ రాగి, పైనా కిందా తెల్ల లోహమనీ, అంచు చూస్తే పొరలు కనిపిస్తాయనీ, బంగారప్పని ఆయన దగ్గర నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. పిల్ల చొంగతో నా భుజం తడిసిపోతుంటే కూడా ఆ తెలివి చూపించుకోవడం మానలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

"ఓహో, రెండు లోహాలా! అందుకే వలయంలో వలయం కనిపిస్తోంది" అన్నాడు డాక్టరు. "నాణేలు చాలామంది పిల్లలు మింగుతారమ్మా. కంగారు పడకండి. ఊపిరి బాగానే ఆడుతోంది. కాసేపు చూద్దాం. కిందికి దిగకపోతే విజయనగరం పంపిస్తాను."

ప్రాణం కుదుటపడింది. బయట బల్ల మీద కూర్చున్నాం. మా ఆయనకి ఫోను చేసి, నాణెమేలే, హడావుడి పడకు అని కూడా చెప్పాను. అలా అరగంట పైనే పోయింది. 

పాప ఏడవడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. నా పైట కొంగుతో చొంగ తుడిచాను. గుడ్డ మీద లేత ఎరుపు. నాణెం గీసుకుని ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఏమీ తోచక ఫిల్ము తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. గుండ్రం లోపల గుండ్రం. అదుగో రాగి, అనుకున్నాను.

అప్పుడు ముసలాయన మాట గుర్తొచ్చింది. మీదనించి ఎంత సూసినా తెలీదు. బొబ్బట్టుని పైనుంచి చూస్తే పూర్ణం ఉంగరంలా కనిపిస్తుందా? రాగి రేకు నాణెం నడుమ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంటుంది. ఎదురుగా చూస్తే అన్నిచోట్లా అవే మూడు పొరలు. ఇంక ఉంగరం ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్ర గీత కనిపించేది అంచునే. ఈ ఫిల్ములో ఉన్నది అంచు కాదు, ముఖం.

అయితే ఇది ఆ నాణెం కాదు.

మరేమిటి? గుండ్రటి దాని మీద, దానికన్నా కొంచెం చిన్న గుండ్రం. డబ్బా మీద మూతలా. నా బొటనవేలి గోరుకి ఆ మెట్టు గుర్తొచ్చింది. ప్లాస్టిక్ దీపం అడుగు నుంచి బ్యాటరీ పీకినప్పుడు గోరు తగులుకున్న మెట్టు. ఒక పక్క వెడల్పు, రెండో పక్క కొంచెం చిన్నది.

ఫిల్ము దించి అత్త వైపు తిరిగాను.

"అత్తా. మొన్న అమాసకి గిన్నె గెడ్డకి పట్టుకెళ్ళేవా?"

"వానకి గెడ్డ పొంగింది కదేటే. ఎల్లనేదు."

బ్యాటరీ ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయిందని నేననుకున్నాను. అది గిన్నెలోనే ఉంది. లోపల ఇంకొకరిని చూస్తున్నా ఆగకుండా తలుపు తోసుకుని వెళ్ళాను.

"నాణెం కాదు డాక్టరుగారూ, బ్యాటరీ! దీపంలో బ్యాటరీ!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. కానీ నమ్మలేదు. నాణెం కనిపించడం లేదని మీరే కదమ్మా చెప్పారు, రెండు లోహాలని మీరే కదా చెప్పారు అన్నాడు. అవును, నేనే చెప్పాను. బొబ్బట్టు, పూర్ణం అని ఏదో పిచ్చిదానిలా అంటున్నాను. నా వెనకాల అత్త వచ్చి నిలబడింది. కొంగు చివర ముడి విప్పింది. అందులో పసుపు గుడ్డ మూట. ఆ మూట కూడా విప్పింది. పసుపు అంటుకున్న తెల్ల నాణెం.

"బిళ్ళ నా కాడే ఉన్నాది బాబూ. మింగీసేనని పిల్ల అనగానే ముడుపు కట్టీసేను. సేతికి ఇదే దొరికింది. ముడుపు కట్టినోల్లు తీరేదాకా బయటికి సెప్పకూడదు. అందుకే సెప్పనేదు."

అదీ సంగతి. ఆపద వస్తే మా ఇంట్లో ముందు మొక్కుకుని బిళ్ళ ముడుపు కడతారు, తర్వాతే మిగతావన్నీ. ఆ ఒక్క నిమిషంలో అత్త గూటి దగ్గర చేసిన పని అదే. నేను గిన్నె బోర్లించేసరికి నాణెం ఆమె కొంగులో ఉంది. నాణెమే మింగిందని నేను అరుస్తుంటే, మొక్కు చెడిపోతుందని నోరు మూసుకుంది.

డాక్టరు ఆ నాణెం వైపు ఒక్కసారి చూసి, పిల్లని నా చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకున్నాడు. ఈసారి పక్కకి తిప్పి ఎక్స్‌రే తీశారు. అంచు కనిపించింది. నాణెమైతే తిన్నగా గీతలా ఉండాలట. ఇది మెట్టులా విరిగి ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎంతసేపైంది మింగి?"

"రెండు గంటలు కావస్తోంది."

"వెలగడం మానేసినా దాంట్లో కరెంటు మిగిలే ఉంటుందమ్మా. తడి తగిలిన చోట కాల్చేస్తూ ఉంటుంది. ఒక్క నిమిషం కూడా ఆగకూడదు."

తన కారు, తన డ్రైవరునే ఇచ్చాడు. విజయనగరం ఆసుపత్రికి తనే ఫోను చేశాడు. పక్క కొట్లో అరకు కొండల తేనె సీసా కొనిపించి నా ఒళ్ళో పడేశాడు. పది నిమిషాలకి రెండు చెంచాలు, దారంతా, ఇంకేమీ పెట్టొద్దు అన్నాడు. మందేనా ఇది అని అడగలేదు. ఎందుకు, ఏమిటి అని అడగకపోవడం నాకు అదే మొదటిసారి.

ఆ దారి నాకు గుర్తులేదు. చెంచా గుర్తుంది. పాప పళ్ళు బిగించేసుకుంటే నా వేలు పెట్టి తెరిచి తేనె పోసేదాన్ని. సగం కారిపోయేది. ఎదురుగా లారీ అడ్డమొస్తే డ్రైవరుని తిట్టాను, లారీని తిట్టాను, చివరికి అత్త మీద పడ్డాను.

"నీ ముడుపు నా పిల్ల ప్రాణం తీసేలా ఉంది!"

అనేశాను. అత్త పసుపు గుడ్డని నలుపుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. గిన్నెలో బ్యాటరీ వేసింది ఎవరు? రెండు లోహాలని డాక్టరుకి పాఠం చెప్పింది ఎవరు? ఆ మాటలు ఆమె అనొచ్చు. అనలేదు. నాకు సిగ్గేసింది. కానీ అప్పుడు సిగ్గుకి కూడా ఓపిక లేదు. పిల్ల పొట్ట పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రి గుమ్మంలోనే పిల్లని తీసుకుపోయారు. మత్తిచ్చి, గొట్టం దింపి తీస్తామన్నారు. కబురు తెలిసి భోగాపురం నుంచి మా ఆయన బూట్ల నిండా సిమెంటుతో వచ్చి నిలబడ్డాడు. నాణెమన్నావు కదా అని ఒక్క మాట అడిగాడు. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించేదాన్ని, గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చున్నాను. పిల్ల ఇక లేదని చెప్పడానికే ఆ తలుపు తెరుస్తారని నాకు గట్టిగా అనిపించింది. ఎవరొచ్చినా ముందు వాళ్ళ కాళ్ళే చూశాను, ముఖం చూసే ధైర్యం లేక.

చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చింది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బ్యాటరీ. ఒక పక్క నల్లగా మాడి ఉంది. అన్నం దిగే గొట్టానికి ఒక వైపు కాలిందనీ, చిల్లు మాత్రం పడలేదనీ చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే, అని ఆపేసింది. పుండు మానేదాకా ముక్కులోంచి గొట్టంతో పాలే. మానాక కూడా ఆ చోటు ఇరుకవ్వచ్చు, ముద్ద దిగకపోవచ్చు, అప్పుడు మళ్ళీ చూడాలి అంది.

ఆ తర్వాతి వారాలన్నీ ఆ మాటతోనే బతికాం. ఇంటికొచ్చినా పాపకి పాలు, జావ. ప్రతి గుక్కకీ గొంతు కదలడం చూడటం మా ఇద్దరికీ పనైపోయింది. అత్త ఆ ముడుపు మళ్ళీ కట్టలేదు. విప్పిన ముడుపు మళ్ళీ కట్టకూడదట. మొక్కు చెడింది, తన వల్లే పిల్లకేదో అవుతుందని లోలోపల కుమిలిపోయేది. ఒకనాడు ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

"నువ్వు ముడి విప్పకపోతే డాక్టరు నమ్మీవోడు కాదత్తా. కార్లో అన్నమాటకి నా నోరు పడిపోవాలి."

"నీ నోటికేటి, అది ఎప్పుడూ అంతే కదే" అంది కళ్ళొత్తుకుంటూ.

ఇప్పుడు అమ్మోరి గిన్నెలో ఏది వెయ్యబోయినా అత్త ముందు దాన్ని వెలుగులో పట్టుకుని అంచు చూస్తుంది, ఎండు పువ్వయినా సరే. నేను నవ్వను. ప్లాస్టిక్ దీపం ఇంట్లో లేదు.

విజయనగరంలో మళ్ళీ గొట్టం దింపి చూసి, ఇక మామూలు తిండి పెట్టి చూడండి అన్న రోజున, ఏం కావాలే అంటే పాప బొబ్బట్టు అంది. అత్త చేసింది. పెద్ద ముక్క భయమని, చిన్న గిన్నె బోర్లించి రూపాయంత బిళ్ళలుగా ఒత్తి కోసింది. కోసిన చోటల్లా అంచున పసుపురంగు పూర్ణం కనిపిస్తోంది. ఆ ఆకారం చూస్తేనే వద్దు అనబోయాను. పాప అప్పటికే ఒకటి నోట్లో పెట్టుకుంది.

నమిలింది. చాలాసేపు నమిలింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పాప మెడ ఒకసారి ముందుకు సాగింది. గొంతు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసింది.

"అమ్మా. మింగీసేను."

అదే మాట. అదే గొంతు. గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, నాలుక కింద, బుగ్గల్లో అంతా వెతికాను. ఏమీ లేదు. పాప నా చెయ్యి తోసేసి, అత్త వైపు చెయ్యి చాపింది.

"ఇంకోటి పెట్టు."